తోక కూర్చున్న బండి, వెనక్కి జరిగిన పడవ

తుడియలూరులో స్ప్రింగుల వర్క్‌షాపు నడుపుతున్న, కీ.శే. వెంకటసామి కుమారుడు చెన్నకేశవన్ అనే నేను, డెబ్బై రెండేళ్ల వయసులో, స్వస్థబుద్ధితో రాసుకున్న వీలునామా ఇది. మోకాళ్లు అరిగాయి గాని మతి అరగలేదని డాక్టరు రాసిచ్చిన కాగితం జతపరిచాను. ఎవరి ప్రోద్బలమూ లేదు. మా ఇంట్లో ఎవరి మాటైనా నా దగ్గర చెల్లి ఉంటే ఇందులో సగం రాయాల్సిన పనే ఉండేది కాదు.

1. వర్క్‌షాపు, అందులోని యంత్రాలతో సహా, నా కూతురు నిత్యకు చెందాలి. నాలుగేళ్ల కిందట నా కొడుకు కృష్ణరాజ్, సముద్రం లేని ఊళ్లో కాపురముంటూ, తూత్తుకుడిలో చేపలు పడతానని పడవ కొన్నాడు. నీళ్లలో దించేముందు దాన్ని తిరుమంగళం దగ్గరున్న మన కులదైవానికి చూపించి తీరాలని నేను పట్టుబట్టాను. పొంగలి గుండిగలు, బియ్యం మూటలు వెనక ఎక్కించి, పడవ ట్రైలరు తగిలించేసరికి మా ఎస్‌యూవీ వెనకభాగం కుంగి, తోక కూర్చుంది. గట్టి కాయిల్ స్ప్రింగులు వేస్తే ఖాళీ బండిలో మా ఆవిడ నడుం నిలవదు. కొత్త షాకబ్జార్బర్లు కుదుపు తగ్గిస్తాయే గాని తోక ఎత్తవు. కాయిల్ లోపల ఎయిర్ బ్యాగులు పెట్టి, బరువున్నప్పుడు గాలి కొట్టుకుందామని నిత్య చెప్పింది. నలభై ఏళ్లు ఉక్కు పట్టీలు వంచిన షాపులో రబ్బరు బుడగలా అని నవ్వాను. ఆ నవ్వు ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

2. ఎస్‌యూవీ కృష్ణరాజ్‌కు చెందాలి. తోక కూర్చున్న బండిలో దాయాదుల ముందు దిగడం నాకు నామోషీ. పడవను ట్రైలరు మీద వెనక్కి జరుపుదామన్నాను. నిత్య మాత్రం, "ఒద్దు నాయనా, ముందర బరువు తగ్గితే ట్రైలరు ఆడతాది, రోడ్డులో నిలవదు" అంది. "నువ్వు సుమ్మా ఉండు" అని నోరు మూయించాను. అందరూ కాఫీ తాగుతుండగా నేనొక్కణ్ణే అడుగున్నర వెనక్కి జరిపి కట్టాను. తోక లేచింది, నా తలా లేచింది. తిరుమంగళం ఇంకా పది కిలోమీటర్లుందనగా ట్రైలరు ఊగి ఊగి బండిని అరటితోటలోకి ఈడ్చింది. నా భార్య వేదవల్లి చెయ్యి విరిగింది. బండి తోలింది కృష్ణరాజ్. వచ్చిన బంధువులందరితో, వీడు కన్నూమిన్నూ కానక తోలాడని చెప్పాను. పక్క సీట్లో కూర్చున్నది నేనే. స్పీడు ముల్లు అరవై దాటలేదు. ఆనాటి నుంచి వాడు స్టీరింగు ముట్టలేదు, అమ్మ కళ్లలోకి చూడలేదు, వేరే కాపురం పెట్టాడు. తప్పు నాది. పూర్తిగా నాది.

3. నీళ్లు ముట్టని ఆ పడవ పెరట్లో బోర్లా పడి ఉంది. వేదవల్లి దాని మీద వడియాలు పెడుతోంది కనుక అది ఆమెదే. ఆ చెయ్యి ఇప్పటికీ సరిగా మడవదు. పిండి నేనే ఒత్తుతున్నాను. నా తర్వాత ఆ పని పిల్లలిద్దరూ వంతులు వేసుకుని చెయ్యాలి.

ఈ పత్రం నా చావు తర్వాతే చెల్లుతుందని వకీలు బాలమురుగన్ చెప్పారు. నా కొడుకు అన్నాళ్లు దోషిగా బతకడం నేను భరించలేను. రెండో అంశం నకలు పట్టుకుని రేపు పొద్దున్నే వాడింటికి వెళ్తున్నాను. తలుపు తీస్తే కూర్చుని చదువుతాను. తియ్యకపోతే వాకిట్లో నిలబడి, వీధంతా వినేలా చదువుతాను.

తేదీ: 2025 సెప్టెంబరు 14, తుడియలూరు.

(సంతకం) వె. చెన్నకేశవన్

సాక్షులు:
బాలమురుగన్, వకీలు
సంజీవి, లేత్ మేస్త్రి