గాలిరెక్క నేల మీద నడిచిన నెల

1971 జూన్ 9, బాపట్ల
నా స్నేహితురాలు సలోమి జారిపడిందట, రేపల్లె స్టేషన్ మెట్ల మీద. కుడి మణికట్టు విరిగింది. మూడేళ్లుగా కథ నాది, బొమ్మలు దానివి. తెనాలి పిల్లల పత్రికలో మా బొమ్మల కథకి నెలనెలా ఎనిమిది పేజీలు. ఈ నెలవి ఒక్కటీ గీయలేదు.

జూన్ 11
తెనాలి వెళ్లాను. సంపాదకుడు గారు కుర్చీ చూపించి నెమ్మదిగా చెప్పారు — "వేరే ఆర్టిస్టు ఉన్నాడమ్మా, బాగా చెయ్యి తిరిగినవాడు. ఆ అమ్మాయి సంగతి కోలుకున్నాక చూద్దాం."
"సలోమి లేకపోతే కథ కూడా లేదండి."
అనేశాను! ఇరవై ఒకటో తేదీ దాకా గడువిచ్చారు.

జూన్ 13, రేపల్లె
చర్చి నుంచి రాగానే సలోమి ఎడమచేత్తో గీసి చూసింది. మా కథలో వీరుడు 'ఇనుపచెయ్యి' ముఖం సొరకాయలా వచ్చింది. కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వుకున్నాం. తర్వాత ఏడ్చింది.
"ఆ ఆర్టిస్టుకే ఇచ్చెయ్యవే. నీ కథ ఆగిపోకూడదు."
"నోర్ముయ్."

జూన్ 14
రైల్లో కథ దొరికింది. ఇనుపచెయ్యికి బలం పోతుంది. కొండలెత్తినవాడు మంచినీళ్ల గ్లాసు ఎత్తలేడు. మరి అతని స్నేహితుడు గాలిరెక్క ఏం చెయ్యాలి? భుజాన వేసుకుని ఎగరాలా? ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను...

జూన్ 16
నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి మళ్లీ రేపల్లె. సలోమి చదివింది, పెదవి విరిచింది.
"మోసుకెళ్తే వాడికి చిన్నతనంగా ఉండదేంటి? గాలిరెక్కని కిందికి దించు. పక్కన నడవమను."
అంతే! శత్రువు కోట దాకా ఇద్దరూ నడుస్తారు. నడిచారు కాబట్టే గోడ కింద సందు కనపడుతుంది. పైనుంచి ఎగిరితే కనపడేదా?

జూన్ 18
దాని ఎడమచేతి పెన్సిలు గీతల మీద నా సిరా. "అంత గట్టిగా పట్టుకోకే... మోచెయ్యి ఆనించు..." అంటూ అది నా కలానికి దారి చెప్పింది. గీతలు వంకరే. కానీ నొప్పితో నడిచేవాడు అలాగే ఉంటాడు.

జూన్ 19
ఎనిమిదీ అయ్యాయి!

జూన్ 21, తెనాలి
సంపాదకుడు గారు కళ్లద్దాలు పెట్టుకున్నారు, తీశారు, మళ్లీ పెట్టుకున్నారు.
"గీతలు బాలేవమ్మా."
నేను కాగితాలు సర్దబోయాను, ఆయన ఆపారు.
"కానీ వీడు వాడి పక్కన నడుస్తున్నాడే — ఈ బొమ్మ అట్ట మీద వేస్తాను."
మా ఇద్దరి పేర్లతో!

జూలై 12
అమృతలూరు నుంచి, వడ్లమూడి నుంచి, పేరు వినని ఊళ్ల నుంచి కూడా ఉత్తరాలు. ఒక సంచి నిండా. ఒక పిల్ల రాసింది — 'నా స్నేహితురాలికి కాలు బాగోదు. ఇకమీదట నేను పరిగెత్తను.'

జూలై 18
తెనాలి ప్లాట్‌ఫాం. భుజాలకి తువ్వాళ్లు కట్టుకున్న ఇద్దరు పిల్లలు, ఒకరి మెడ మీద ఒకరు చేతులేసుకుని నడుస్తున్నారు.
"నువ్వు గాలిరెక్కవి, ఎగరకూడదు!"
"తెల్సులేరా!"
సలోమి నా భుజం గట్టిగా నొక్కింది. గెలిచాం. నిజంగా గెలిచాం!

జూలై 27, రేపల్లె
సలోమి చేతి కట్టు విప్పారు. బొటనవేలు పూర్తిగా వంగడం లేదు. డాక్టరు గారు "చూద్దామండి" అని మాత్రం అన్నారు. పత్రిక నుంచి కబురు — వచ్చే నెల ఇనుపచెయ్యికి బలం తిరిగి రావాలట.
"అప్పుడే వద్దే," అంది సలోమి. "ఇంకో నెల అలాగే ఉండనీ."
"ఆ తర్వాత?"
పెన్సిలు కుడిచేత పట్టి చూసింది, జారితే ఎడమచేతిలోకి మార్చుకుంది.