ఛత్రినాక గోడ మీది బూటు

కొత్వాల్ సాహెబ్ గారి సముఖానికి
ఛత్రినాక, 1355 ఫసలీ

అయ్యా,

విషయం: పోలీసు నాకా లాకప్పులో ఉన్న వైకుంఠాన్ని విడిపించి దవాఖానకు పంపుట గురించి.

పత్రికకు వార్తలు రాసే అనంతపద్మనాభం విన్నవించుకొనునది:

1. వైకుంఠం పుట్టు చెవిటి, మూగ. నడుము కింద చచ్చుబడినందున చేతుల మీద పాకుతాడు. బొగ్గుతో బొమ్మలు గీయడం తనంతట తానే నేర్చాడు. మనుషులను నేల మీద నుంచి చూస్తాడు గనుక అతని బొమ్మల్లో పాదాలు పెద్దవి, తలలు గోరంత. బోనాలకు గోడలకు సున్నం వేశాక, అతని చేయి అందేంత మేర గల్లీవాళ్ళు అతనికే వదులుతారు.

2. గత సోమవారం తెల్లవారేసరికి పాలు పోసే దుర్గయ్య తల పగిలి గల్లీ మూలన చచ్చి పడి ఉన్నాడు. వైకుంఠం పడుకునేది ఆ మూలనే. చంపినవారు తెలియరాలేదని నాకావారు రాసుకున్నారు. మరునాడు గోడ మీద వైకుంఠం బొమ్మ వెలిసింది: పడి ఉన్న మనిషి, అతని మెడ మీద ఒక బూటు, బూటు ముందు భాగాన అతుకు. తొక్కినవాడి ముఖం లేదు.

3. నాకా జమాదారు వచ్చి, అందరి ఎదుట వైకుంఠం జుట్టు పట్టి, "నా బూటు గీయమని ఎవడు చెప్పిండు బే?" అని అడిగాడు. అది ఎవరి బూటో అంతవరకు మాలో ఎవరికీ తెలియదు.

4. తల్లి బుచ్చమ్మ అడ్డుపడి, "మూగోడు బాంచెన్, వాన్నేమడుగుతరు?" అన్నది.

"గోడ మీద గింత లొల్లి చేసినోడు మూగోడెట్లయితడే ముసల్దానా?" అని జవాను నవ్వాడు.

జమాదారు వైకుంఠం కుడిచేతిని గడప మీద చాపించి లాఠీతో కొట్టాడు. ఎముకలు విరిగిన చప్పుడు మాకందరికీ వినపడింది. అతనికి వినపడలేదు.

5. పంచనామాలో "నిందితుడు అడిగినదానికి జవాబు చెప్పుటకు నిరాకరించెను" అని ఉన్నది. కింద అదే చేతి బొటనవేలి ముద్ర. ముద్రలో గీతలు లేవు, నెత్తురున్నది. సాక్షిగా నన్ను సంతకం చేయమన్నారు. చేయలేదు.

కావున ఎడమచేయి మిగిలి ఉండగానే అతన్ని విడిపించి, జమాదారు బూట్లను తమ కచేరీకి తెప్పించి చూడవలెనని ప్రార్థన. ఆలస్యము కాకమునుపే ఈ సంగతి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అనంతపద్మనాభం, ఉప్పుగూడ

తా.క.: కవరు అంటించబోతుండగా బుచ్చమ్మ వచ్చింది. "గోడ దూకి ఉరికిండంట సారూ, నా కొడుకు" అన్నది. నాకావారు ఆమెకు అదే చెప్పి పంపారు. పైన విడిపించమన్న మాటను కొట్టివేసుకొనగలరు. శవం ఇప్పించండి.