రెండో నంబరు

అక్టోబర్ 6, ఆదివారం

నళిని ఫోన్ చేసింది. దసరా శనివారం పడింది కాబట్టి పాత పడవ జట్టంతా మా ఇంట్లో కలవాలట. మర్నాడు సాగర్ చెరువు మీది మా పాత పడవల క్లబ్బుకు పోవాలట. మా ఇంట్లోనే ఎందుకంటే మా అపార్ట్‌మెంట్‌కు లిఫ్ట్ ఉందట. చిక్కడపల్లిలో ఇన్నేళ్లు బతికినందుకు దక్కిన గౌరవం ఇది.

జట్టంటే మిగిలింది నలుగురం. నళిని, అనసూయ, భాగ్యశ్రీ, నేను. ఒకరికి మోకాళ్లు లేవు, ఒకరికి చెవులు లేవు. అందరినీ కలిపితే ఒక మనిషి సరిగ్గా తయారవుతుంది.

ఐదో మనిషి మనోరమ. 1972లో పోయింది. ఆమె సీట్లో వాళ్ల తమ్ముడు ఉమాకాంత్‌ను కూర్చోబెడదామంది నళిని. మంచిగుంటది గదనే అంది. మంచిగానే ఉంటుందన్నాను. ఫోన్ పెట్టేశాక స్టవ్ మీద పాలున్న సంగతి మరిచిపోయాను. గిన్నె మాడింది.

అక్టోబర్ 8, మంగళవారం, ఉదయం 5.30

ముప్పై ఏళ్లు ఫిజిక్స్ పాఠాలు చెప్పాను. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఈ డైరీకి కూడా.

నలుగురు తెడ్లు వేసే పడవ మాది. తెడ్లు వేసేవాళ్లు పడవ పోయే వైపు వీపు పెట్టి కూర్చుంటారు. ముందుకు చూసేది ఒక్క కాక్స్. పడవను నడిపించేది ఆమే. నేను. పొట్టిదాన్ని, బరువు తక్కువ, నోరు పెద్దది. ఇంతకు మించి అర్హతలు అక్కర్లేదు.

పడవ కదిలే ముందు నేను నంబర్స్ అని అరవాలి. ముందు సీటు నుంచి వన్, టూ, త్రీ, ఫోర్ అని ఎవరి నంబరు వాళ్లు చెప్పాలి. నాలుగూ వస్తేనే కదలాలి. పడవ తిరగబడినా అంతే. పడవను పట్టుకుని నంబర్లు చెప్పాలి. పడవను వదిలి ఈదడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

వన్ నళిని. ఆమె ముందున్న వీపు మనోరమది, టూ. మనోరమ ఆఖరి నిమిషం దాకా జడ ముడేసుకుంటూనే ఉండేది. నళినికి ఓపిక లేదు. రెండు నంబర్లూ తనే చెప్పేసేది. వన్‌టూ, ఒకే ఊపిరిలో. క్లాసులో అటెండెన్స్‌కు ప్రాక్సీ చెప్పుకునే పిల్లలం, మాకిదేం వింత? నవ్వి ఊరుకునేదాన్ని. ఊరుకోకూడని మనిషిని నేనొక్కదాన్నే.

ఆ సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. రెండు పడవలు తిరగబడ్డాయి. మాదొకటి, మగపిల్లలదొకటి. వానలో పక్క మనిషి కూడా కనిపించడం లేదు, పడవ అంచు పట్టుకుని నంబర్స్ అని అరిచాను. వన్‌టూ. త్రీ. ఫోర్. కాపాడటానికి క్లబ్బు లాంచీ మావైపే వస్తోంది. మేమందరం ఉన్నాం, వాళ్ల దగ్గరికి పొమ్మని చెయ్యి ఊపాను. వెళ్లిపోయింది. పది నిమిషాలకు తిరిగొచ్చి చూస్తే మనోరమ లేదు. మర్నాడు దొరికింది.

ఎంక్వయిరీలో, నాలుగు నంబర్లూ విన్నావా అని అడిగారు. విన్నానన్నాను. ఆ టూ ఎవరి గొంతుతో వచ్చిందని వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. నాకు తెలుసు. చెయ్యి ఊపేటప్పటికే తెలుసా అంటే, అక్కడే నా ఫిజిక్స్ ఆగిపోతుంది.

నళినికి గుర్తు లేదు. మనోరమ టూ అన్నది చెవులారా విన్నానని ఇప్పటికీ ఒట్టు వేస్తుంది. అబద్ధం చెప్పే మనిషి కాదు. రోజూ అన్న మాట నోటికి గుర్తుంటుంది, మనిషికి ఉండదు.

అందుకే రిపోర్ట్‌లో ఏం రాశారంటే, నంబరు చెప్పాక మనోరమ మగపిల్లల్ని కాపాడబోయి పడవ వదిలేసింది. మొండిపిల్ల. వాళ్ల నాయన, మాట వినని బిడ్డకు గోడ మీద జాగా ఎందుకని ఫోటో ట్రంకులో పెట్టేశాడు. ఆయన పోయినా ఫోటో బయటికి రాలేదు.

ఆ పిల్ల పడవ వదల్లేదు. అసలు పడవ దాకా రానేలేదు. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి ఉమాకాంత్‌కు చెబుతాను.

అక్టోబర్ 10, గురువారం

సద్దుల బతుకమ్మ. కింద సెల్లార్‌లో పార్కింగ్ ఖాళీ చేయించి ఆడారు. నేను కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టాను. బతుకమ్మలను సాగర్‌కు తీసుకుపోతూ మనవరాలు నవత నన్నూ రమ్మంది. రానన్నాను. పడవలు నడిపినదానివి, నీళ్లంటే భయమేంది అమ్మమ్మా అంది. నీళ్లంటే కాదు, లెక్కలంటే అన్నాను. ఫిజిక్స్ టీచర్ జోక్ అనుకుని నవ్వింది.

అక్టోబర్ 11, శుక్రవారం

రేపు.

అక్టోబర్ 12, శనివారం, రాత్రి 8

చెప్పలేదు.

అందరూ వచ్చారు. అనసూయ అడిక్‌మెట్ నుంచి ఆటోలో, ఆటో అబ్బాయికి అన్ని జాగ్రత్తలూ చెబుతూ దిగింది. భాగ్యశ్రీ రెండు గారెలు తిని, నూనె ఎక్కువైందని మూడోది అడిగింది. నళిని నా వంటింట్లో నా డబ్బాలన్నీ సర్దేసింది. ఉప్పు ఎక్కడుందో ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఉమాకాంత్ సాయంత్రం జమ్మి తెచ్చాడు. అరవై ఆరేళ్లవాడు, ఇప్పటికీ తడబడకుండా నా కాళ్లకు దండం పెడతాడు. అశోక్‌నగర్ ఇంటిని హాస్టల్‌కు కిరాయికి ఇచ్చి పైన ఒక పోర్షన్‌లో ఉంటున్నాడు. నెలాఖరులో ఎగ్జామ్ ఉందని పిల్లలు దసరాకు కూడా ఊరికి పోలేదట. పరేషాన్‌ల ఉన్నరక్కా, ఇయ్యాల వాళ్లందరికి మటన్ పెట్టించిన అన్నాడు.

ఆకు నా చేతిలో పెట్టాడు. నా ఆకు అతని చేతిలో పెట్టాను. అలాయ్ బలాయ్ అని కౌగిలించుకున్నాం. పాత పగలు ఈ ఆకుతో పోతాయంటారు. నోరు తెరిచాను. అంతలో అతనే, మా మనవరాలు పడవలు నేర్చుకుంట అంటున్నది, నేనే వద్దన్న అన్నాడు. మా అక్క లెక్క జిద్దుదక్కా, నీళ్లల్ల మాట వినది అన్నాడు.

అప్పుడే చెప్పాలి. పక్కనే నళిని. కళ్లు తుడుచుకుంటూ, పిచ్చిది, టూ అని ఎంత గట్టిగ చెప్పిందిరా, నా చెవుల ఇప్పటికి ఉన్నది అంది. పడవ పట్టుకుని ఉంటే బతుకుతుండె గద అంది.

కాఫీ కలుపుతానని లోపలికి పోయాను. చక్కెర డబ్బా దొరకలేదు.

అక్టోబర్ 13, ఆదివారం, మధ్యాహ్నం

క్లబ్బులో ఒక వెడల్పాటి పడవ చూపించారు. కొత్తగా నేర్చుకునేవాళ్లదట. తాడు మాత్రం విప్పనని కోచ్ ఖండితంగా చెప్పాడు. లైఫ్ జాకెట్లలో మేము పార్శిల్ చేసిన సామాన్లలా ఉన్నాం. కూర్చోవడానికే అరగంట పట్టింది. ఒడ్డున ఎవరో ఫోటోలు తీస్తున్నారు.

ముందు నళిని, తర్వాత ఉమాకాంత్, అనసూయ, భాగ్యశ్రీ. ఈ చివర వాళ్లకెదురుగా నేను. గట్టిగ అరువే, ఎన్నేండ్లయిందే నీ నోరు విని అన్నారు. ఉమాకాంత్‌కు నంబరు సంగతి అనసూయే నేర్పింది. నళినక్క వన్ అంటది, నువ్వు టూ అను, ఆగం చెయ్యకు అంది. అతను బడిపిల్లాడిలా తలూపాడు.

నంబర్స్ అని అరిచాను. గొంతు అలాగే ఉంది. అది నన్ను భయపెట్టింది.

వన్‌టూ.

నళిని గొంతు. ఒకే ఊపిరిలో.

ఉమాకాంత్ నోరు తెరుచుకునే ఉంది. త్రీ, ఫోర్ వచ్చేశాయి. భాగ్యశ్రీ పగలబడి నవ్వింది, నళినికి ఈ పాడలవాటు ఇంక పోలేదు, మనోరమ నంబరు గూడ ఎప్పుడు ఇదే చెప్తుండె అంది. నళిని కూడా నవ్వింది. అవునా, నేనట్ల చెప్తుంటినా, నాకు యాదికే లేదు అంది. ఉమాకాంత్ వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. పడవలో నా మొహం కనిపించని సీటు లేదు.

ఒడ్డుకొచ్చాక నన్ను పక్కకు పిలిచాడు. ఆ రోజు గూడ గిట్లనేనా అక్కా అన్నాడు. అవునన్నాను. నీకు ఎర్కనా అన్నాడు. అవునన్నాను. మా నాయిన పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిల పోయిండు అన్నాడు. నళినక్కకు ఎర్కనా అన్నాడు. లేదన్నాను.

లైఫ్ జాకెట్ విప్పి కింద పెట్టాడు. ఆమెకు చెప్పకు అన్నాడు. యాభై రెండేండ్లు మోసినవ్ గద, ఇంకింత మొయ్యి అన్నాడు.

వెళ్లేటప్పుడు నళినికి కారు తలుపు తీసి, చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. నావైపు తిరగలేదు.

అక్టోబర్ 14, సోమవారం

తలుపు కింద నుంచి ఎవరో కవరు తోశారు. ఉత్తరం లేదు. శనివారం నేను ఉమాకాంత్ చేతిలో పెట్టిన జమ్మి ఆకు.

అనసూయ ఫోన్. ఉమాకాంత్ మనోరమ ఫోటోను గోడకెక్కించిండట, బంతిపూల దండ గూడ ఏసిండట, ఇప్పుడెందుకో తెల్వదంది.

నళిని ఫోన్. ఉప్పు పై అరలో ఉందట. వచ్చే దసరాకు మళ్లీ పోదాం, నంబర్లు నువ్వే అడగాలె అంది.

అడుగుతానన్నాను.