చేతిమీది పేరు

అక్కా, నా కొక్కిరిబిక్కిరి రాత, అక్షర దోషాలు మన్నించు. ఐదో తరగతి దాటనిదాన్ని. నువ్వు కన్నుమూసి ఈ రోజుకు ఏడాది.

మా ఆయన పేరు నోటితో పలకలేక, గోరంట్ల తిరునాళ్లలో ఎర్రరంగుతో చేతిమీద పచ్చబొట్టుగా పొడిపించుకున్నాను. "ఒద్దు పాపా, అందరికీ అదే సూది పెడతాండాడు" అని నువ్వు చెప్పినా వినలేదు.

నాకిప్పుడు నాలుగో నెల. నిన్న ఆసుపత్రిలో నర్సమ్మ "మొగుని పేరేమ్మా?" అంటే ఎప్పటిలా చెయ్యి చూపించాను. ఆమె రాయడం ఆపి, ఉబ్బిన అక్షరాలను తడిమింది. "పేరు చెప్పేదానికి సిగ్గయితే ఇంత పని చేసుకుంటారా?"

రంగు ఒంటికి పడలేదేమో, ఈ మధ్య నా చంకలో లేచిన గడ్డ కూడా దానివల్లేనేమో అంది డాక్టరమ్మ. సూదితో వచ్చే జబ్బులకు రక్తపరీక్ష రాసింది. చేతిమీద చిన్న ముక్క కోసి చూడాలంది. బిడ్డకేమైనా అవుతుందా అని అడిగాను.

"పరీక్షలు రానీమ్మా, చెప్తా."

ఇంట్లో ఆయన "ఏమనిందే డాక్టరమ్మ?" అన్నాడు.

"అంతా బాగుండాదంట" అన్నాను. ఆయన మురిపెంగా ఆ పేరు మీదే చెయ్యి వేశాడు. నొప్పి పుట్టినా తీయమనలేదు.

రేపు ఆయనకు నిజం చెప్పాలి. నువ్వుండే ఆ లోకంలో ఈ కాగితం నీకు అందితే కాల్చెయ్యి అక్కా. ఆయన పేరు నా ఒంటిమీద లేకుంటే బాగుండేదని రాసినట్టు ఆయనకు తెలియకూడదు.