పుట్టగొడుగుల గదికి రెండు అడ్రసులు

మార్చి 9, ఆదివారం మధ్యాహ్నం

పెద్దన్నయ్యకు,

చెల్లెలు చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా కులాసా. వదిన మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది, సంతోషం. ఆరు నెలలుగా మాటల్లేని మనిషి ఉత్తరం రాసిందేమిటని ఆశ్చర్యపోకు. ఫోన్ చేస్తే మధ్యలో అడ్డుపడతావు. నా గొప్ప నేను తీరిగ్గా చెప్పుకోవాలి.

నీ చిన్న కంప్యూటర్ని దారికి తెచ్చాను.

అదే, పుట్టగొడుగుల గదిలో నువ్వు బిగించి వెళ్లిన అరచేతిలో పట్టే బోర్డు. గదిలో తేమ ఎంతుందో అది నా ఫోన్‌కి చెప్పాలి, తగ్గితే ఫోన్ నొక్కి నేను నీటి తుంపర వెయ్యాలి. అదేమో పూటకోసారి మూగనోము పట్టేది. రెండు పంటలు ఎండి తోలుముక్కలయ్యాయి. నీకు పని చేతకాదని నేను నలుగురిలో అన్నాను, నువ్వు మా గడప తొక్కడం మానేశావు. మూడో పంటా పోతే గది మూసెయ్యమని మా ఆయన తేల్చి చెప్పారు.

మూడు వారాల కిందట ఓ ఉదయం కీబోర్డు తగిలించి కూర్చున్నాను. ఇంటి నెట్‌లోకి దానికి తీగ ఒక దారి, వైఫై ఇంకో దారి. రెండింటికీ ఒకే ఐపీ అడ్రసు, చివర యాభై. రెండు గుమ్మాలకి ఒకే నంబరుంటే పోస్టుమ్యాన్ ఏ తలుపు కొడతాడు చెప్పు. తీగకి యాభై ఉంచి వైఫైకి యాభై ఒకటి ఇచ్చాను. ఆ నంబరు అప్పటికే మా టీవీది. సీరియల్ మధ్యలో ఆగిందని అత్తగారు వచ్చి నా నెత్తిన నిలబడ్డారు. తలప్రాణం తోకకొచ్చిందనుకో. చివరికి అరవై ఇచ్చాను.

తీగ పీకేశాను. వైఫై మీద తేమ ఎనభై ఎనిమిది శాతమని పలికింది. వైఫై ఆపి తీగ పెట్టాను, అప్పుడూ పలికింది. మా ఆయన వంటగదిలో కూర్చుని ఫోన్ నొక్కితే పెరటి గదిలో తుంపర పడింది. ఆయన ఇంకోసారి నొక్కారు.

ఈ ఉదయం పద్దెనిమిది కిలోలు కోశాం అన్నయ్యా. నా కాలు నేల మీద ఆనడం లేదు. గది మూసే మాట ఎత్తేవాళ్లు లేరు. ఆయనే రెండో గదికి కొలతలు తీస్తున్నారు.

ఇట్లు,
నీ గయ్యాళి చెల్లెలు

తా.క. అసలు సంగతి రాయకుండా కవరు అంటించలేకపోయాను. అరవై నా తెలివి కాదు. బోర్డులో నువ్వు దాచిన పాత సెట్టింగుల కాపీ దొరికింది. తీగకి యాభై, వైఫైకి అరవై, పక్కనే యాభై ఒకటి టీవీదని కూడా రాశావు. నువ్వు వెళ్లిన మర్నాడు, రెండు నంబర్లు ఎవరు గుర్తుపెట్టుకుంటారని రెండూ ఒకటి చేసింది నేనే. నిజంగా మరిచిపోయాను, నమ్ము. ఆడలేక మద్దెల ఓడన్నాను. అమ్మకి, మా ఆయనకి, అత్తగారికి నా నోటితోనే చెప్పేశాను. నీకు చెప్పడానికే మూడు వారాలు పట్టింది. తప్పయిపోయింది అన్నయ్యా. రెండో గదికి బోర్డు నువ్వే వచ్చి బిగించు. నేను ముట్టుకోను.