దండెం తీగ చేసిన గోల

చిట్టితల్లికి, నేను కులాసాగానే ఉన్నాను. మన రేడియో రిపీటరు పనికి ఇవాళ ఆఖరి రోజు. పొద్దున నేనూ, టీవీ మెకానిక్కూ, వ్యాను డ్రైవరూ కలిసి మేడమీద యాంటెన్నా బిగించాం. మధ్యాహ్నం వ్యాను డ్రైవరు కొండ అవతలికి వెళ్ళి, మీ వీధిలోంచే చేతి రేడియో సెట్టులో పిలిచాడు. మన రిపీటరు పెట్టె ఆ మాట అందుకుని, బలం పెంచి తిరిగి పంపింది. పక్క గదిలో ఉన్నట్టు వినిపించాడు! మీ వీధి కుక్క అరుపు కూడా వచ్చింది.

"మాస్టారూ, మీ అమ్మాయిగారి కిటికీ కనబడుతోంది. కేకెయ్యనా?"

"ఉండవయ్యా, ముందు పని తేలనీ," అన్నాను.

అంతలో గాలి వీచింది. సెట్టులో గరగర మొదలై డ్రైవరు గొంతు మునిగిపోయింది. టీవీ మెకానిక్ అన్నీ తడిమి చూసి, చివరికి మేడమీద మీ అమ్మ కట్టిన దండెం ఊపాడు. గరగరమంది. గట్టిగా పట్టుకున్నాడు. ఆగింది.

"దొంగ దొరికాడండీ! తుప్పు తీగ కొక్కేనికి రాసుకున్నప్పుడల్లా ఇదే గోల."

కటింగ్ ప్లేయరు తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "అమ్మగారు కట్టింది. నేను తెంపలేను, మీరే చూసుకోండి."

మీ అమ్మ పోయాక దానిమీద నేనేమీ ఆరెయ్యలేదు. గుడ్డలు కుర్చీలమీదే ఆరుతున్నాయి.

నీ సెట్టు అటకమీంచి దించు. బ్యాటరీ ఉబ్బితే కొత్తది వెయ్యి. పాప దగ్గు తగ్గిందా? అల్లుడు కళ్ళజోడు మార్పించుకున్నాడా? ఆదివారం సాయంత్రం పిలువు, వింటూ ఉంటాను. ముగ్గురికీ ఆశీస్సులు.

రేపు పొద్దున్నే ఆ తీగ విప్పి, అవే కొక్కేలకు నైలాన్ తాడు కట్టి, దుప్పట్లు ఉతికి ఆరేస్తాను.

నాన్న