పిన్ని ఇంట్లో చీటీల దొంగ

పిన్నికి,

నీ పిచ్చుక నమస్కారాలు. ఫోన్లో అయితే బాబాయ్ పక్కనుంచి నీ మాటకి మాట అందిస్తాడని ఉత్తరమే రాయమన్నావు, రాస్తున్నాను. ల్యాబులో రోజంతా ఏం వెలగబెడుతున్నావని అడిగావుగా. మన ఒంట్లో ప్రతి కణంలోనూ వార్తలు మోసే ప్రొటీన్లు ఉంటాయి. వార్త చేరాక వాటితో పని లేదు. అప్పుడు ఇంకో ప్రొటీన్ వచ్చి ‘దీన్ని పారేయండి’ అని చీటీ లాంటిది అంటిస్తుంది. చీటీ పడ్డదాన్ని కణం ముక్కలు చేసేస్తుంది. లేకపోతే అది చెప్పిన వార్తే చెబుతూ కణం ప్రాణం తీస్తుంది.

నా ప్రొటీన్‌కి చీటీ పడుతుంది, అంతలోనే మాయమవుతుంది. పీకేదెవరో తెలియదు. వచ్చే సమీక్షలోగా తేల్చకపోతే నా బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తానన్నారు మా గైడు. ఇన్నేళ్ల చాకిరీ మట్టికొట్టుకుపోతుందేమోనని భయంగా ఉంది.

ఇట్లు,
నీ పిచ్చుక

తా.క. హాస్టలు ఖాళీ చెయ్యాలి. థీసిస్ రాసుకోవడానికి మీ వెనక గది ఇస్తావా?

---

చిరంజీవి పిచ్చుకకి,

పిన్ని దీవెనలు. గదిదేముంది, నీదే. కానీ అందులో అడుగు పెట్టే చోటు లేదు. ముళ్లు లేని గోడగడియారాలు, ఊచలు బయటికొచ్చిన గొడుగు, మూడు కాళ్ల స్టూలు, మూత పడని పెట్టె. కణం చేసే పని నేను చెయ్యలేనా అని పసుప్పచ్చ చీటీల కట్ట కొని, ‘పారేయాలి’ అని రాసి అన్నిటికీ అంటించాను. పాత సామాన్లు కొనే బండివాణ్ణి ఆదివారం రమ్మన్నాను. అతను వచ్చేసరికి ఒక్క చీటీ లేదు! చీటీ లేనిది ముట్టుకోవద్దని నేనే చెప్పానాయె, ఖాళీ బండితో గొణుక్కుంటూ పోయాడు.

ఇది మీ బాబాయ్ పనే. గడియారాల రిపేరు దుకాణం మూసేశారు గానీ వాటిమీద ప్రేమ చావలేదు.

ఒళ్లు మండిపోతున్న,
నీ పిన్ని

తా.క. చెప్పిన వార్తే చెప్పేవాళ్లకి చీటీ అంటించాలన్నావు. మీ బాబాయ్‌కి ఎక్కడ అంటించమంటావు?

---

పిన్నికి,

నమస్కారాలు. నీ ఉత్తరం చదివి పగలబడి నవ్వితే పక్కబల్లావిడ హడలిపోయింది. నీ దొంగా నా దొంగా ఒకే జాతి. మేమేం చేస్తామంటే, అనుమానం ఉన్న ప్రొటీన్లను ఒక్కొక్కటిగా కణంలోంచి తప్పించి చూస్తాం. ఏది లేనప్పుడు చీటీ నిలుస్తుందో అదే దొంగ. అంతవరకూ ఎవరినీ అనడానికి లేదు. నేను ఇప్పటికే కొన్నిటిని తప్పించాను. చీటీలు మాత్రం పోతూనే ఉన్నాయి.

దిగులుగా,
నీ పిచ్చుక

తా.క. ఇది కణాల సంగతి పిన్నీ. మనుషులమీద ప్రయోగించకు.

---

చిరంజీవి పిచ్చుకకి,

దీవెనలు. నీ తా.క. నేను చూసేసరికే మీ బాబాయ్ బస్సెక్కేశారు. “కొన్నాళ్లు మీ తమ్ముడింట్లో ఉండండి, పిల్ల చదువు కోసం” అని టికెట్టు చేతిలో పెడితే మారుమాట లేకుండా సంచీ సర్దుకున్నారు. ఆయన వెళ్లాక అన్నిటికీ మళ్లీ అంటించాను. మళ్లీ మాయం!

ఇంక మిగిలింది మా అత్తగారు. “అత్తయ్యా, మిమ్మల్ని కూడా తప్పించి చూడాలి” అన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి నన్ను ఎగాదిగా చూసి, కూతురికి ఫోన్ చేసి “కోడలు నన్ను తప్పించేస్తుందటే” అని ఏడ్చారు. మా ఆడపడుచు కారేసుకుని వచ్చి, నన్ను కడిగి ఆరేసి, ఆవిణ్ణి తీసుకుపోయింది. ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. వేసిన గడియ వేసినట్టే ఉంది, చీటీలు మాత్రం పోతున్నాయి. నాకు భయమేస్తోందే.

నీ పిన్ని

తా.క. మా మరిది ఫోన్ చేసి, “వదినా, అన్నయ్యతో గొడవైతే లాయరు దాకా వెళ్లొద్దు, మనలో మనం మాట్లాడుకుందాం” అన్నాడు.

---

పిన్నికి,

ముందు అందర్నీ వెనక్కి పిలు. జవాబు ఇంత ఆలస్యమైనందుకు తిట్టకు. నీ ఉత్తరం అందిన రోజు నేను బల్లమీద తలపెట్టి ఏడుస్తున్నాను. అనుమానమున్న ప్రొటీన్లన్నీ అయిపోయాయి, దొంగ దొరకలేదు. ‘ఇంట్లో నేనొక్కదాన్నే’ అన్న చోట నా ఏడుపు ఆగిపోయింది.

చీటీ అంటించే ప్రొటీన్‌ని నేను ఒక్కసారైనా అనుమానించలేదు! దాన్ని తప్పిస్తే అసలు చీటీయే పడదు, ఇంక ఏం తేలుతుంది? అందుకని దాన్ని ఉండనిచ్చాను. దానికి రెండు చేతులున్నాయనుకో, అంటించే చేతిని వదిలేసి రెండోది పనిచెయ్యకుండా చేశాను. చీటీ కదల్లేదు పిన్నీ! నా ప్రొటీన్ ముక్కలైపోయింది. అంటించేదే పీకేది కూడా! గైడు నమ్మక మళ్లీ మళ్లీ చేయించారు, చివరికి “బల్ల నీదేనమ్మా” అన్నారు. గంతులెయ్యాలనుంది.

నీ పిచ్చుక

తా.క. ఇల్లు తుడిచేటప్పుడు వేసుకుంటావే, ఆ గౌను జేబులు ఒకసారి తడుముకో.

---

చిరంజీవి పిచ్చుకకి,

సిగ్గుతో చస్తూ పిన్ని రాస్తున్నది. జేబులో చీటీలన్నీ ముద్దకట్టి ఉన్నాయి. దుమ్ము తుడుద్దామని ఒక్కోటీ చేతిలోకి తీసుకుంటాను. గుడ్డకి చీటీ అడ్డమొస్తుంది, పీకి జేబులో వేసుకుంటాను. ఆ గొడుగులోనే మీ అమ్మా నేనూ సగం సగం తడుస్తూ బడినుంచి వచ్చేవాళ్లం. ఆ స్టూలుకి నాలుగో కాలు ఉన్నప్పుడు నువ్వు దానిమీద నిలబడి చేతులు కడుక్కునేదానివి. అవన్నీ తలుచుకుంటూ తుడిచేసి చీటీ సంగతే మరిచిపోతాను. ఒట్టు, నాకే తెలియదు.

నువ్వు చేసినట్టే ఒక చేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసుకున్నాను. ఉన్న చేత్తో వస్తువు పట్టుకుంటే పీకడానికి చెయ్యి లేదు. గడియారాలూ, ఆ పెట్టె కూడా బండెక్కాయి. గొడుగు దగ్గరికొచ్చేసరికి కట్టు విప్పేశాను. వెనక గదిలో నీ బల్ల పక్కన గొడుగూ స్టూలూ ఉంటాయి, సర్దుకో. అత్తగారిని బతిమాలి తీసుకొచ్చాను. ఇప్పుడు నేను చీటీల కట్ట ముట్టుకుంటే చాలు, చెప్పులు వేసుకుంటున్నారు.

త్వరగా రా.
నీ పిన్ని

తా.క. మీ బాబాయ్ వచ్చేశారు. నేను పీకడం ఆయన మొదట్లోనే చూశారట! మరి చెప్పలేదేమంటే, “చెప్పబోతుంటేనే బస్సు టికెట్టు చేతిలో పెట్టావు, చేతికొచ్చిన సెలవు ఎందుకు చెడగొట్టుకోవాలి?” అన్నారు. పొద్దుట్నుంచీ ఇదే వార్త వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు. ఒళ్లు మండి వీపున చీటీ అంటించాను. ఇందాక ఆయన చొక్కా మడత సరిచేస్తుంటే అదీ నా జేబులోకే వచ్చింది.